కోడలు తిరిగే మేర

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. చిరుతపులి మెడకు కట్టబోయే పట్టీని ముందు ఒక మనిషి వారం రోజులు మోసి తిరగాలి. పట్టీలో చిన్న యంత్రం ఉంటుంది. అది ఎక్కడికి పోతే అక్కడ కంప్యూటరు మ్యాపు మీద ఒక ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడం ఒక కారణం. రెండో కారణం డాక్టరమ్మ చెప్పేది. నోరులేని జీవి మెడకు తగిలించే బరువు ముందు మన ఒంటికి తెలియాలంటుంది ఆవిడ.

డాక్టరమ్మ అంటే రోగాల డాక్టరు కాదు. చిరుతలు ఎంత మేర తిరుగుతాయి, ఎందుకు తిరుగుతాయి అన్న విషయం మీద పెద్ద చదువు చదివింది. బోర్డు మీద డాక్టరని చూసి వీధిలోవాళ్ళు దగ్గు మందుకు వచ్చేవారు. కాదని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి తన అల్మరాలో ఒక దగ్గు మందు సీసా పెట్టుకుంది.

నేను ఆ ఆఫీసు వంటగది చూసుకుంటాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచి చెల్లెలి ఇంట్లో వెనకగదిలో ఉంటున్నాను. ఈ పని ఇప్పించింది మా మరిది, అంటే చెల్లెలి మొగుడు. ఆ సంగతి నేను మరిచిపోతానేమోనని ఆయన అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటాడు. మరిది కూడా అక్కడే పనిచేస్తాడు. నేల మీద ఒక అడుగు కనిపిస్తే చాలు, అది మగదో ఆడదో, కడుపు నిండి వెళ్ళిందో ఆకలితో వెళ్ళిందో చెప్పేస్తాడు. అందుకే అందరూ ఆయన్ని అడుగులాయన అంటారు. అడుగులు చదవడమే గాని వేయడం ఆయనకు గిట్టదు. మధ్యాహ్నమైతే మంగలి షాపులో వాలుకుర్చీ ఖాళీగా ఉందేమో చూసి, అందులో కునుకు తీయడం ఆయన అలవాటు.

పట్టీ మోయడమంటే ఆఫీసులో అందరికీ హడలు. కిందటిసారి గుమాస్తా మోశాడు. పనిమీద బయటికి వెళ్తున్నానని చెప్పిన పూటల్లా ఆయన చుక్క వాళ్ళింట్లో కదలకుండా పడుకుని ఉంది. అంతకుముందు డ్రైవరు మోస్తే, పేకాట మానేశానని పెళ్ళాం నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసిన మనిషి రోజూ ఎక్కడికి పోతున్నాడో బయటపడింది. ఈసారి వంతు అడుగులాయనది. వాలుకుర్చీ సంగతి బయటపడకుండా ఉండాలని ఆయన ఒక ఉపాయం చేశాడు. పట్టీని నా కూరల సంచిలో దాచాడు.

నా సంచి రెండు పొరలది. పాతది చిరిగితే పారేయబుద్ధికాక, దానికి పైన ఇంకోటి తొడిగి కుట్టాను. ఒకవైపు కుట్టు మిగిలిపోయింది. ఆ సందులోంచి పొరల మధ్యకు దూర్చాడన్నమాట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరూ నాలాగే హడలిపోతారు. సంచి బరువెక్కిన మాట నిజమే. మా వీధి చివర కూరల కొట్టతను ఈమధ్య తూకం ధారాళంగా వేస్తున్నాడనుకుని సంతోషించాను. పక్కింటావిడతో కూడా అతని గురించి నాలుగు మంచి మాటలు చెప్పాను.

వారం నిండకముందే చిరుత బోనులో పడింది. దాని గురించి కొంచెం చెప్పాలి. ఊరి పక్క అడవిలో ఎప్పట్నుంచో ఒక ముసలి ఆడచిరుత ఉంది. దాన్ని అత్తగారు అంటాం. ఈమధ్య ఎక్కడినుంచో ఒక పడుచుది వచ్చి, అత్తగారి వాగు పక్కనున్న చెట్లకు తన వాసన పూసి పోవడం మొదలుపెట్టింది. దానికి కోడలని పేరు పెట్టింది మా డ్రైవరు. ఇద్దరూ ఆ వాగు దగ్గర ఎలా సర్దుకుంటారో, కోడలు తనకని ఎంత మేర చూసుకుంటుందో తెలుసుకోవాలని డాక్టరమ్మ ఎన్నాళ్ళుగానో ఆశపడుతోంది.

మత్తుసూది వేశారు. మత్తు దిగేలోగా పట్టీ కట్టేయాలి. అడుగులాయన ఇంటికి పరిగెత్తాడు. నేను అప్పటికే సంచి పట్టుకుని కూరలకు వెళ్ళిపోయాను. ఏం చేస్తాడు పాపం, ఆఫీసు అల్మరాలోంచి ఇంకో పట్టీ తీసుకెళ్ళి కట్టేశాడు. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. కాకపోతే కొత్త పట్టీకి ఒక అయస్కాంతం అంటించి ఉంటుంది. అది పీకితేగాని యంత్రం మేలుకోదు. కంగారులో ఆయన అది పీకలేదు. కోడలు లేచి, ఒళ్ళు విరుచుకుని, మెడలో నిద్రపోతున్న పట్టీతో అడవిలోకి వెళ్ళిపోయింది. ఇక్కడ గుమాస్తా తన పద్ధతి ప్రకారం కంప్యూటరులో అడుగులాయన పేరు కొట్టేసి కోడలు అని మార్చాడు.

ఆ పూట నుంచి కోడలంటే నేనే.

మరిది నిజం చెప్పేద్దామనుకున్నాడట. ఉద్యోగం గుర్తొచ్చి నోరు పెగల్లేదు. పోనీ సంచిలోంచి పట్టీ తీసేద్దామనుకున్నాడు. తీసి దాచేస్తే చుక్క ఒకేచోట ఆగిపోతుంది. ఆగిపోతే చిరుత చచ్చిపోయిందని అందరూ శవం కోసం బయల్దేరతారు. ఒకరోజు ధైర్యం చేసి పట్టీని తన జేబులో వేసుకుని జీపెక్కాడు. ఆ రోజు కోడలు తారురోడ్డు మీద జింకకన్నా వేగంగా పోయి, పెట్రోలు బంకు దగ్గర ఆగి, మధ్యాహ్నమంతా మంగలి షాపులో గడిపింది. డాక్టరమ్మ ఆ చుక్కలు చూసి యంత్రం జబ్బుపడిందేమోననుకుంది. దాంతో మరిది బెదిరిపోయి పట్టీని మళ్ళీ నా సంచిలోకి చేర్చాడు. కోడలు బతికుండాలంటే వదిన తిరుగుతూ ఉండాలి, అంతే.

కానీ వదిన తిరిగేదెంత? ఇల్లు, కూరల కొట్టు, ఆఫీసు. మళ్ళీ ఇల్లు.

డాక్టరమ్మకు తిండి సహించడం మానేసింది. వంటగదిలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ నాతో చెప్పుకునేది. వేటాడే జంతువు ఎంత మేర తిరుగుతుందన్నది అన్నిటికంటే ముందు తిండిని బట్టి ఉంటుందట. వేట దండిగా దొరికితే కొద్దిచోటు చాలు. వేట పలచబడితే అదే జంతువు నాలుగు కొండలు చుట్టబెడుతుంది. ఒళ్ళు పెద్దదైతే కడుపూ పెద్దదే, ఎక్కువ తిరగాలి. మగది తిండితో ఆగదు, ఆడతోడు కోసం కూడా తిరుగుతుంది కాబట్టి దాని మేర మరీ పెద్దది. పసిపిల్లలున్న తల్లి కొన్నాళ్ళు గూడు చుట్టూనే ఉంటుంది. పక్కన గట్టి పొరుగు ఉంటే సర్దుకుంటుంది. ఎండాకాలం నీళ్ళెక్కడుంటే అక్కడికి పోవాలి. ఇన్ని సంగతులు చూసినా కోడలి లెక్క ఆవిడకు తేలడం లేదు.

"ఇంత చిన్న మేరలో చిరుత బతకదు అక్కయ్యా. ఎవరో దీనికి కూర్చోబెట్టి తిండి పెడుతున్నారు" అంది.

"మేపే మనిషి దొరికితే ఎవరు మాత్రం కదులుతారమ్మా" అన్నాను నేను.

నాకు భయం పట్టుకుంది వేరే కారణానికి. పొద్దున గుమాస్తా వచ్చి కోడలు ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేవాడు. కూరల కొట్టు దగ్గర ఆగిందట. ఆ వేళకు నేనూ అక్కడే ఉన్నాను. రాత్రంతా మా ఇంటి వెనకే పడుకుందట. నా గది ఇంటి వెనకే. ఆఫీసు పెరటి గుమ్మం దాకా వచ్చిందట. ఆ గుమ్మంలో కూర్చునే నేను కూరలు తరుగుతాను. ఆ చిరుత నా వెంటపడిందని నాకు అర్థమైపోయింది. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు ఎంచుకుందో తెలియలేదు. వంటింటి వాసనేమోనని ఒళ్ళు రెండుసార్లు తోముకుని స్నానం చేశాను.

వీధిలో పొద్దుగూకకముందే తలుపులు పడిపోయేవి. మా చెల్లెలు కిటికీలకు బల్లలు అడ్డం పెట్టింది. మరిది మాత్రం ఎప్పటిలా అరుగు మీద మంచం వాల్చుకుని గురక పెట్టేవాడు. చిరుత పక్కనే ఉందని తెలిసి కూడా ఆ మనిషి అలా పడుకుంటాడేమిటని వీధంతా నోరెళ్ళబెట్టింది. పిల్లల్ని తీసుకొచ్చి ఆయన్ని చూపించేవారు. మంగలి డబ్బులు తీసుకోకుండా గడ్డం గీశాడు. ఇన్నేళ్ళు మొగుడి బద్ధకాన్ని తిట్టిపోసిన మా చెల్లెలు, అది బద్ధకం కాదు గుండెధైర్యమని నాతో వాదించింది.

అప్పుడు పెద్దసారు దిగాడు. ఆయన అడవుల మీద పెద్ద అధికారి. ఇళ్ళ మధ్య కాపురం పెట్టిన చిరుతను పట్టి జూకు పంపాలని వాళ్ళ నిబంధన. జూకు పోయిన జంతువు ఇంక అడవి మొహం చూడదు. మా ఆయన ఉన్నప్పుడు ఒకసారి జూకు వెళ్ళాం. అక్కడ ఒక చిరుత ఊచల వెంట అటు పోయి ఇటు తిరిగేది. ఇటు వచ్చి అటు తిరిగేది. అది తిరిగే దారిలో సిమెంటు నున్నగా అరిగిపోయి గాడి పడింది. మా ఆయన కాసేపు చూసి, పద పోదాం అన్నాడు. నన్ను వెంటాడుతున్న చిరుతే అయినా, దానికి ఆ గతి పడుతుందంటే నాకు మనసొప్పలేదు.

డాక్టరమ్మ బతిమాలి వారం గడువు తీసుకుంది. ఈ వారంలో కోడలు అడవి వైపు మళ్ళితే సరి. మళ్ళకపోతే బోనులు తెస్తానని చెప్పి పెద్దసారు వెళ్ళిపోయాడు.

మరిదికి అప్పుడు నొప్పి తెలిసింది. ఎంత బద్ధకస్తుడైనా, పసితనం నుంచి ఆ అడవిలో తిరిగిన మనిషి. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని కోడలు నా కొత్తిమీర కట్టల కోసం జూకు పోతుంది. ఆయన మూడో దారి వెతికాడు. ఉన్నట్టుండి నా ఆరోగ్యం మీద ఆయనకు శ్రద్ధ పుట్టింది.

"వదినా, ఈ వయసులో నడక మంచిది. అలా వంతెన దాటి అడవి అంచు దాకా వెళ్ళొస్తే మోకాళ్ళు పట్టు వదులుతాయి" అన్నాడు.

"చిరుత నా వెనకాల వస్తుంటే నడక ఏమిటయ్యా, పరుగే" అన్నాను.

ఏటి అవతల బజారులో కూరలు లేతగా ఉంటాయన్నాడు. మా వీధి కూరలు నాకు చాలన్నాను. చివరికి కూరల కొట్టతని దగ్గరికి వెళ్ళి, చిరుత రోజూ నీ కొట్టు దగ్గరే ఆగుతోంది, నీ ఇష్టం అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. అతను ఆ మధ్యాహ్నమే తాళం వేసుకుని అత్తవారింటికి పోయాడు.

ఇంక తప్పక నేను సంచి తీసుకుని ఏరు దాటాను. ఎన్నేళ్ళైందో ఆ వంతెన ఎక్కి. వెనక్కి వెనక్కి చూసుకుంటూ ఎక్కాను గాని, సగం దాటేసరికి చల్లగాలి తగిలి చూడటం మరిచిపోయాను. అవతల బజారు పెద్దది. అడవి చెట్ల నీడ దుకాణాల మీద పడుతోంది. వంకాయలమ్మే ఒకావిడ నన్ను ఎరగకపోయినా కూర్చోమని పీట వేసింది. వాళ్ళ కోడలి మీద చాలా చెప్పింది. నేను మా కోడలి గురించి చెప్పాను. అది చిరుత అని చెప్పడం తోచలేదు, రాత్రంతా నా గది వెనకే కాచుకుని కూర్చుంటుందని మాత్రం చెప్పాను. ఆవిడ నా మీద జాలిపడి రెండు వంకాయలు ఎక్కువ వేసింది.

ఆ రోజు ఆఫీసులో పండగే. కోడలు ఏరు దాటిందని గుమాస్తా కేక పెట్టాడు. మరిది నాకు తన చేత్తో టీ కలిపి ఇచ్చాడు, పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన ఆ పని చేయగా చూడలేదు. కానీ నేను వారానికి సరిపడా కూరలు ఒకేసారి తెచ్చేశాను. మళ్ళీ వెళ్ళాల్సిన పనేముంది? మర్నాటి నుంచి కోడలు మళ్ళీ ఇల్లు, ఆఫీసు.

డాక్టరమ్మ మొహం వాడిపోయింది. మ్యాపు మీద ఏరు దాటిన ఆ ఒక్క గీతను చూపించి, "ఇది లెక్కలోకి రాదు అక్కయ్యా. ఒక్కసారి వెళ్ళొస్తే అది దాని మేర కాదు. మళ్ళీ మళ్ళీ వెళ్తేనే దానిదవుతుంది" అంది. ఎందుకో ఆ మాటకు నాకు మనసు చివుక్కుమంది.

గడువు అయిపోయింది. పెద్దసారు బోనులు లారీలో వేయించుకుని వచ్చాడు. సంతకం పెట్టిన ఉత్తర్వు కూడా చేతిలోనే ఉంది. హాల్లో పెద్ద బల్ల చుట్టూ ఆయన, డాక్టరమ్మ, గుమాస్తా, డ్రైవరు, మా మరిది కూర్చున్నారు. కోడలు ఈ క్షణంలో ఎక్కడుందో చూపించడానికని డాక్టరమ్మ చుక్క నిమిషానికోసారి పడేట్టు మార్చింది. నేను టీకి పాలు తక్కువైతే సంచి భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళాను.

చుక్క వీధిలో నడుస్తోంది. ఆఫీసు వైపే వస్తోంది. గేటు దాటింది. పెరటివైపు తిరిగింది. సరిగ్గా అప్పుడు నేను పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి అడుగుపెట్టాను. హాల్లోంచి డ్రైవరు కేక వినిపించింది, చిరుత వంటింట్లోకి వచ్చేసింది, పారిపో అక్కయ్యా అని.

నేను వెనక్కి చూడలేదు. పాల సంచితో సహా హాల్లోకి దూకి తలుపు వేసేశాను. హాల్లో అప్పటికే అందరికన్నా ముందు పెద్దసారు బల్ల ఎక్కి ఉన్నాడు. తర్వాత గుమాస్తా, డ్రైవరు. ఎవరు చెయ్యి ఇచ్చారో తెలియదు, నేనూ ఎక్కేశాను. ఇంకో చుక్క పడింది. చిరుత హాల్లో ఉంది. బల్ల దగ్గరే ఉంది.

"కింద చూడండి, బల్ల కింద" అని గుమాస్తా ఏడుపు మొహం పెట్టాడు.

కింద మా మరిది ఒక్కడే కుర్చీలో కూర్చుని, తల చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. పెద్దసారు బల్ల మీంచి ఆయన్ని చూపిస్తూ, "చూశారా, ధైర్యమంటే అదయ్యా" అన్నాడు.

డాక్టరమ్మ బల్ల ఎక్కలేదు. వంగి బల్ల కింద చూసింది. కంప్యూటరు వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది, నా భుజం చూసింది, భుజానికున్న సంచిని చూసింది. రాత్రి కదలకుండా పడుకుని పగలు తిరిగే చిరుత, ఇన్నాళ్ళలో ఒక్క మేకనైనా చంపని చిరుత ఆవిడకు ఒక్కసారిగా అర్థమైనట్టుంది.

"అక్కయ్యా, ఆ సంచి ఒకసారి ఇటివ్వండి" అంది.

ఇచ్చాను. పొరల మధ్యనుంచి పట్టీ బయటికి తీసి బల్ల మీద, పెద్దసారు బూట్ల పక్కన పెట్టింది. అప్పుడు మరిది తల ఎత్తకుండానే మొదటినుంచి చివరిదాకా చెప్పాడు, వాలుకుర్చీతో సహా.

"ఇంతకాలం నన్ను వెంటాడింది నువ్వేనా" అన్నాను.

"కాదు వదినా. నిన్ను నువ్వే" అన్నాడు.

పెద్దసారు బల్ల దిగి, చొక్కా సర్దుకుని, సంతకమైన ఉత్తర్వు వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. ఊరంతా భయపడి ఉంది, ఏదో ఒక చిరుతను పట్టాల్సిందేనన్నాడు. అడవి అంచున బోను పెడితే పడేది అత్తగారో కోడలో, ఎవరైనా ఒకటే ఆయనకు. డాక్టరమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని పైకి చదివింది. "ఈ మ్యాపులో గుర్తించిన మేరలో తిరుగుతున్న ఆడజంతువును మాత్రమే పట్టి జూకు తరలించవలెను." చదివి, కాగితం మడిచి, "సార్, మీ సంతకం ప్రకారం లారీ ఎక్కాల్సింది మా అక్కయ్య" అంది.

నేను ఆలోచించాను. "అక్కడ వంట నేనే చేసుకోవాలా సార్, వాళ్ళే పెడతారా?" అని అడిగాను.

ముందు డ్రైవరు నవ్వాడు. పెద్దసారు చాలాసేపు బిగపట్టి, ఇంక ఆపుకోలేక నవ్వేశాడు. బల్ల ఎక్కిన సంగతి బయటికి పొక్కకూడదన్న షరతు మీద ఉత్తర్వు నాలుగు ముక్కలు చేశాడు. బోనుల్లో ఒకటి మాత్రం వదిలి వెళ్ళాడు, కోడలిని మళ్ళీ పట్టి పట్టీని మేలుకొలపాలి గదా.

మరిది ఉద్యోగం పోలేదు. చుక్క లేని చిరుతను అడవిలో వెతకాలంటే ఆయన తప్ప దిక్కులేదు. ఆ వేసవి ఎండలో, జీపు పోని దారుల్లో, తన సొంత కాళ్ళతో నడిచి ఆయన కోడలి అడుగులు పట్టుకున్నాడు. రోజూ చీలమండలు వాచి ఇంటికొస్తే మా చెల్లెలు వేడినీళ్ళు పెట్టేది, గుండెధైర్యం ఎక్కడ నొప్పిగా ఉందని అడిగేది. కోడలు బోనులో పడిన పొద్దున డాక్టరమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. తన చేత్తోనే అయస్కాంతం పీకింది. మత్తు దిగాక కోడలు లేచి నిలబడి, మావైపు ఒక్క చూపు చూసింది. నన్ను ప్రత్యేకంగా ఏమీ చూడలేదు. వెళ్ళిపోయింది.

ఇప్పుడు దాని చుక్కలు వంటగది గోడ మీద మ్యాపులో ఉన్నాయి. వాగులో నీళ్ళు అడుగంటి జింకలు చెదిరిపోవడంతో, కోడలు రెండు కొండలు దాటి తిరుగుతోంది. అత్తగారి వాగుకు మాత్రం ఆవిడ లేని వేళ చూసి వస్తుందట. ఒకసారి తెల్లవారుజామున మా వీధి చివర మాంసం కొట్టు దాకా కూడా వచ్చి పోయింది. నేనూ డాక్టరమ్మా ఆ చుక్క చూసి మొహాలు చూసుకున్నాం. ఒక్కసారి వచ్చి పోతే అది మేర కాదని ఆవిడే అంది. పెద్దసారుకు చెప్పలేదు.

ఆ మ్యాపు పక్కనే నాది కూడా అంటించింది. వీధుల పేర్లు కూడబలుక్కుని చదివాను. అరచేత్తో మూస్తే మూసుకుపోయేంత మేర నాది. అందులోంచి ఏటి అవతలికి సన్నగా ఒక గీత. పట్టీలన్నీ ఇప్పుడు మరిదే మోస్తున్నాడు, ఆయన చుక్కలు చూసే పని మా చెల్లెలు అడిగి తీసుకుంది. మా వీధి కూరల కొట్టు మళ్ళీ తెరిచారు. తూకం మాత్రం పాత తూకమే.

నేను కూరలకు వంతెన మీదుగా వెళ్తున్నాను. ఒక్కసారి వెళ్తే లెక్కలోకి రాదన్నారు కదా, అందుకని మళ్ళీ వెళ్ళాను. వంకాయలావిడ పీట వేసి, మీ కోడలు ఎలా ఉందని అడిగింది. ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని చెప్పాను. అయ్యో అంది. బాగానే ఉందిలే అన్నాను.